కిడ్నీకి రక్తం ఆపి చేసే ఆపరేషన్: ఆ 25 నిమిషాలు, వాటికి ముందూ వెనకా

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా నాంపల్లి మండలంలో ఒక పల్లె. మా నాన్న వయసు 61 ఏళ్లు. బత్తాయి తోట, కొంత పత్తి చేను చూసుకుంటారు. తొమ్మిదేళ్లుగా షుగరు, అయిదేళ్లుగా బీపీ ఉన్నాయి. చిన్నప్పటి నుంచి బోరు నీళ్లు తాగి నడుము, మెడ, మోకాళ్లు బిగుసుకుపోయాయి. చాలా ఏళ్లుగా రోజూ నొప్పి గోలీ వేసుకుంటే తప్ప చేనుకు పోలేరు. ఈమధ్య కడుపు నొప్పి అని స్కానింగ్ చేయిస్తే ఎడమ కిడ్నీలో మూడున్నర సెంటీమీటర్ల గడ్డ బయటపడింది. హైదరాబాద్‌లో సీటీ స్కాన్ తీసి, గడ్డ వరకే కోసి తీస్తామని, అందుకోసం ఆ కిడ్నీకి సుమారు 25 నిమిషాలు రక్తం ఆపుతామని చెప్పారు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) 1.5 ఉంది. రక్తం ఆపితే కిడ్నీ చచ్చిపోదా? దానికంటే కిడ్నీ మొత్తం తీయించుకోవడమే మేలని మా మేనమామ అంటున్నారు. కిడ్నీని కాపాడే ఇంజెక్షన్ ఏదైనా ఉందా? కొండపిండాకు కషాయం తాగించమని ఊళ్లో చెబుతున్నారు, తాగించవచ్చా? ఆపరేషన్ తర్వాత నాన్న మళ్లీ చేను పని చేసుకోగలరా?
ఒక కుమార్తె, నాంపల్లి మండలం

సమాధానం: అమ్మా, మీ మొదటి ప్రశ్నకు ముందు సూటిగా జవాబు చెబుతాను. ఇరవై అయిదు నిమిషాలు రక్తం ఆగినంత మాత్రాన కిడ్నీ చచ్చిపోదు. దెబ్బ తగులుతుంది, ఆ దెబ్బ నుంచి చాలా మటుకు కోలుకుంటుంది. ఎంత కోలుకుంటుందన్నది కొంత ఆ నిమిషాల మీద, అంతకంటే ఎక్కువగా ఆపరేషన్ బల్ల ఎక్కేనాటికి కిడ్నీలు ఏ స్థితిలో ఉన్నాయన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. మొదటిది సర్జన్ చేతిలో ఉంది. రెండోదానిలో పెద్ద భాగం ఇవాళ్టి నుంచి మీ ఇంట్లోనే ఉంది. అందువల్ల జవాబు కొంచెం పొడవైనా ఓపికగా చదవండి, వీలైతే మీ నాన్నగారికి, మీ మేనమామగారికి కూడా చదివి వినిపించండి.

రెండూ కలిపి మూడు వందల గ్రాములకు అటూ ఇటూ బరువుండే కిడ్నీలకు గుండె పంపే రక్తంలో దాదాపు అయిదో వంతు, అంటే నిమిషానికి లీటరుకు పైగా, వెళుతుంది. ఇంత రక్తం అందే అవయవానికి ఆక్సిజన్ కొరత ఎందుకు వస్తుందని మీకు అనిపించవచ్చు. ఆ రక్తంలో అత్యధిక భాగం పై పొరకే, వడపోత జరిగే చోటికే, చేరుతుంది. ఉప్పును, నీటిని తిరిగి పీల్చుకునే సన్నని గొట్టాలు ఉండే లోపలి పొరకు మిగిలేది కొంచెమే, ఆ కొంచెంలోని ఆక్సిజన్‌ను కూడా అవి మామూలు రోజుల్లోనే దాదాపుగా వాడేసుకుంటాయి. సాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టు రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు; పైన నీరు కాస్త తగ్గితే ముందుగా ఎండేది చివరి మడే. ధమనిని బిగించినా, రక్తపోటు పడిపోయినా, ఒంట్లో నీరు తగ్గినా కిడ్నీలో మొదట దెబ్బతినేవి ఈ లోపలి గొట్టాల కణాలే.

రక్తం ఆగిన కొద్ది నిమిషాల్లోనే ఈ కణాల్లో శక్తి నిల్వ అడుగంటుతుంది. సోడియంను బయటికి తోసే పంపులు ఆగిపోయి కణం ఉబ్బుతుంది, లోపల కాల్షియం పెరుగుతుంది, కణానికి శక్తిని తయారు చేసే మైటోకాండ్రియాలో సక్సినేట్ అనే పదార్థం పోగుపడుతుంది. అయితే నష్టమంతా రక్తం ఆగినప్పుడే జరగదు. అందులో గణనీయమైన భాగం రక్తాన్ని తిరిగి వదిలినప్పుడు జరుగుతుంది. ఒక్కసారిగా వచ్చిన ఆక్సిజన్‌తో ఆ సక్సినేట్ వేగంగా ఖర్చయి, కణాల పొరలను గాయపరిచే ఆక్సిజన్ రాడికల్స్ పుడతాయి. వాటి వెంట తెల్ల రక్తకణాలు చేరి వాపు మొదలవుతుంది. ఉబ్బిన కణాల మధ్య సన్నని రక్తనాళాలు నొక్కుకుపోవడం వల్ల, పెద్ద ధమని తెరుచుకున్నా కొన్ని చోట్లకు రక్తం సరిగా అందదు. దీన్ని వైద్యులు ఇస్కీమియా రీపర్‌ఫ్యూజన్ గాయం అంటారు. గుండె బైపాస్ ఆపరేషన్‌లోనూ, పొట్టలోని మహాధమనికి చేసే ఆపరేషన్‌లోనూ, కిడ్నీ మార్పిడిలోనూ కిడ్నీలకు జరిగే హానిలో దీని పాత్ర ఉంటుంది. బతికి మిగిలిన కణాలు విభజన చెంది చచ్చిపోయిన కణాల ఖాళీలను రోజుల్లో, వారాల్లో పూడ్చుకోగలగడం కిడ్నీకి ఉన్న గొప్ప గుణం. వయసు, షుగరు, ముందునుంచే ఉన్న జబ్బు ఆ శక్తిని తగ్గిస్తాయి. మీ నాన్నగారికి ఈ మూడూ ఉన్నాయి కనుకనే మనం మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఇక ఆపరేషన్ గదిలో ఏం జరుగుతుందో చెబుతాను, తెలిస్తే మీ భయం కొంత తగ్గవచ్చు. సర్జన్ ముందుగా కిడ్నీ చుట్టూ ఉన్న కొవ్వును విడదీసి, గడ్డను పూర్తిగా బయటపెట్టి, ఎక్కడ కొయ్యాలో గుర్తు పెట్టుకుంటారు. కుట్లకు కావలసిన సూదులు, దారాలు నర్సు చేతికి అందేలా వరుసగా సిద్ధమవుతాయి. అవన్నీ అయ్యాకే, పెన్సిల్ కంటే సన్నగా ఉండే కిడ్నీ ధమని మీద చిన్న క్లాంపు పడుతుంది. ఆ క్షణం నుంచి సమయం లెక్కిస్తారు, ఒకరు నిమిషాలను పైకి చదువుతుంటారు. నిండు ఎరుపులో బిగువుగా ఉన్న కిడ్నీ రంగు మారి మెత్తబడుతుంది. గడ్డను చుట్టూ పలుచని ఆరోగ్యకరమైన అంచుతో సహా కోసి తీసి, తెగిన నాళాలను, మూత్రం చేరే అర తెరుచుకుని ఉంటే దానిని కుట్టేస్తారు. చాలామంది సర్జన్లు లోపలి వరస కుట్లు పూర్తికాగానే క్లాంపు తీసేసి, పై వరసను రక్తం పారుతుండగానే వేస్తారు. దానివల్ల విలువైన నిమిషాలు కలిసివస్తాయి. కొందరిలో మొత్తం ధమనిని కాకుండా గడ్డ వైపు వెళ్లే కొమ్మను మాత్రమే బిగించడం సాధ్యమవుతుంది. అది గడ్డ ఉన్న చోటును బట్టి, నాళాల అమరికను బట్టి సర్జన్ నిర్ణయించవలసిన విషయం.

చల్లదనం లేకుండా, మామూలు శరీర ఉష్ణోగ్రతలో రక్తం ఆపినప్పుడు 25 నుంచి 30 నిమిషాల లోపు ముగించాలన్నది చాలాకాలంగా పాటిస్తున్న హద్దు. అంతకు మించి సమయం పట్టేలా ఉంటే, పొట్ట కోసి చేసే ఆపరేషన్‌లో కిడ్నీ చుట్టూ సూక్ష్మక్రిములు లేని మెత్తటి ఐసును నింపి, సుమారు పది నిమిషాలు చల్లబరిచాకే కోత మొదలుపెడతారు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గినప్పుడల్లా కణాల ఆక్సిజన్ అవసరం ఇంచుమించు సగానికి పడిపోతుంది కాబట్టి, చల్లబరిచిన కిడ్నీ గంట వరకు కూడా తట్టుకోగలదు. చిన్న రంధ్రాలతో, రోబో సాయంతో చేసే పద్ధతిలో ఐసు పెట్టడం కష్టం, అందుకే అక్కడ సర్జన్లు వేగం మీద ఆధారపడతారు. మీరు సర్జన్‌ను అడగవలసిన ప్రశ్న ఇది: పద్ధతి ఏది, 30 నిమిషాలు దాటే అవకాశం ఎంత, దాటితే ఐసు వాడే ఏర్పాటు ఉందా? ఇలా అడగడాన్ని మంచి సర్జన్ ఎవరూ తప్పుగా తీసుకోరు.

చల్లదనం ఎంత పనిచేస్తుందో చెప్పడానికి కిడ్నీ మార్పిడే సాక్ష్యం. 2013 నుంచి హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి కేంద్రంగా నడుస్తున్న జీవన్‌దాన్ అవయవదాన కార్యక్రమంలో, మెదడు మరణం పొందినవారి నుంచి తీసిన కిడ్నీలను ప్రత్యేకమైన ద్రవంతో కడిగి, 4 డిగ్రీల దగ్గర ఐసు పెట్టెలో ఉంచి మరో ఆసుపత్రికి చేరుస్తారు. అవి గంటల తరబడి రక్తం లేకుండా ఉండి కూడా వేరొకరి శరీరంలో మళ్లీ మూత్రాన్ని తయారు చేస్తాయి. కొన్ని వెంటనే పనిచేయవు, కొన్నాళ్లు డయాలిసిస్ అవసరమవుతుంది, ఆ తర్వాత మేలుకుంటాయి. మీ నాన్నగారి కిడ్నీ ఎదుర్కోబోయేది దానితో పోలిస్తే చాలా చిన్న పరీక్ష.

మీ మేనమామగారి మాట ఆయన ఆదుర్దాలోంచి వచ్చిందే కానీ, దాన్ని పాటించవద్దని గట్టిగా చెబుతున్నాను. 61 ఏళ్ల మగమనిషికి క్రియాటినిన్ 1.5 అంటే కిడ్నీల వడపోత శక్తి నిమిషానికి 52 మిల్లీలీటర్ల దగ్గర ఉన్నట్టు లెక్క. 60కి తక్కువ ఉండి మూడు నెలలకు మించి అలాగే కొనసాగితే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుగా పరిగణిస్తారు. కిడ్నీ మొత్తం తీసేస్తే మిగిలింది కొంత భారం అదనంగా మోసినా, మొత్తం శక్తిలో సుమారు మూడో వంతు శాశ్వతంగా పోతుంది. గడ్డ వరకే తీస్తే పోయేది సాధారణంగా పదో వంతుకు దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే రెండో కిడ్నీకి ఆ 25 నిమిషాలూ రక్తం అందుతూనే ఉంటుంది. 4 సెంటీమీటర్ల లోపు గడ్డకు, అందులోనూ షుగరు ఉండి కిడ్నీల శక్తి ముందే తగ్గినవారికి, వీలైనచోట గడ్డ వరకే తీయడాన్ని వైద్య మార్గదర్శకాలు మొదటి ఎంపికగా చెబుతున్నాయి. ఇరవై అయిదు నిమిషాల గాయానికి భయపడి మొత్తం కిడ్నీనే వదులుకోవడం, తప్పించుకోదలచిన నష్టం కంటే పెద్ద నష్టాన్ని తెచ్చుకోవడమే అవుతుంది. ఆపరేషన్ మధ్యలో గడ్డ అనుకున్నదానికంటే లోతుగా ఉందని తేలి కిడ్నీ మొత్తం తీయవలసి రావడం అరుదుగా జరుగుతుంది. ఆ మాట సర్జన్ ముందే చెప్పి సంతకం తీసుకుంటారు, దానికి కంగారుపడకండి.

మీ ప్రాంతానికి సంబంధించి ఇంకొక కారణం కూడా ఉంది. మీ వైపు బోరు నీళ్లలో ఎక్కువగా ఉండే ఫ్లోరైడ్ శరీరంలోకి చేరితే, దాన్ని బయటికి పంపేది ప్రధానంగా కిడ్నీలే. వాటి శక్తి తగ్గినకొద్దీ ఫ్లోరైడ్ ఎముకల్లో మరింత నిలిచిపోతుంది. దశాబ్దాలు బోరు నీళ్లు తాగిన మనిషికి కిడ్నీలో ప్రతి భాగమూ విలువైనదే. ఇంట్లో తాగడానికీ వంటకూ మిషన్ భగీరథ నీళ్లే వాడండి, చేను దగ్గర కూడా బోరు నీళ్లు తాగవద్దని చెప్పి ఇంటి నుంచి సీసా పంపండి.

కాపాడే ఇంజెక్షన్ గురించి అడిగారు. ఉందని చెప్పగలిగితే నాకూ సంతోషంగా ఉండేది. దశాబ్దాలుగా వెతికినా, ఈ గాయాన్ని నమ్మకంగా ఆపే మందు ఏదీ ఇంతవరకు రుజువు కాలేదు. క్లాంపు వేసే ముందు మానిటాల్ అనే మందు ఇవ్వడం చాలాకాలం రివాజుగా ఉండేది. న్యూయార్క్‌లో ఇదే రకం ఆపరేషన్ చేయించుకున్నవారి మీద జరిపి 2018లో ప్రచురించిన పరీక్షలో, అది ఇచ్చినవారికీ ఇవ్వనివారికీ ఆరు నెలల తర్వాత కిడ్నీ శక్తిలో తేడా కనిపించలేదు. తక్కువ మోతాదు డోపమిన్ కిడ్నీని కాపాడుతుందని ఎంతో నమ్మకంతో వాడేవారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐసీయూలలో 328 మంది మీద చేసి 2000లో ప్రచురించిన అధ్యయనం ఆ నమ్మకానికి తెర దించింది. మూత్రం ధారాళంగా రావడానికి ఇచ్చే ఫ్యురోసమైడ్ మూత్రాన్ని పెంచుతుంది గానీ కణాలను కాపాడదు, ఒంట్లో నీరు తక్కువగా ఉన్నప్పుడు ఇస్తే హాని కూడా చేయవచ్చు.

ఆశ కలిగించే పరిశోధనలు లేకపోలేదు. చేతికి బీపీ పట్టీ కట్టి, అయిదేసి నిమిషాలు మూడుసార్లు గట్టిగా బిగించి వదిలితే, ఆ చిన్న కొరత శరీరాన్ని పెద్ద కొరతకు సిద్ధం చేస్తుందన్న ఆలోచన 1986లో కుక్కల గుండెల మీద జరిగిన ప్రయోగాల నుంచి పుట్టింది. 2015లో జర్మనీలో గుండె ఆపరేషన్‌కు వెళ్లిన 240 మంది రోగుల్లో ఇలా చేస్తే కిడ్నీ గాయం 52.5 శాతం నుంచి 37.5 శాతానికి తగ్గింది. కానీ అదే సంవత్సరం వచ్చిన, అంతకంటే పెద్దవైన రెండు అధ్యయనాల్లో ప్రయోజనం కనిపించలేదు. 2024లో 3,511 మంది గుండె రోగుల మీద చేసిన అధ్యయనంలో, ఆపరేషన్ సమయం నుంచి అమైనో ఆమ్లాలు ఎక్కిస్తే కిడ్నీ గాయం 31.7 శాతం నుంచి 26.9 శాతానికి తగ్గింది. ఇది మంచి వార్తే. అయితే అది గుండె ఆపరేషన్‌కు సంబంధించినది, మీ నాన్నగారి ఆపరేషన్‌కు అలాగే వర్తిస్తుందని ఇప్పుడే అనలేం. కాబట్టి ఎవరైనా ఖరీదైన ఇంజెక్షన్ రాసి కిడ్నీకి రక్షణ అంటే, దేనికోసం అని మర్యాదగా అడగండి, అప్పు చేసి మాత్రం కొనకండి.

మందు లేకపోయినా చేయగలిగింది చాలా ఉంది. ఆపరేషన్ అంతటా రక్తపోటు పడిపోకుండా చూడటం మత్తు డాక్టరు చేసే అతి ముఖ్యమైన రక్షణ. సగటు రక్తపోటు (బీపీ పై అంకె, కింది అంకె రెండింటి నుంచి లెక్కించేది) 65కు దిగువన ఎంతసేపు ఉంటే కిడ్నీ గాయం అవకాశం అంత పెరుగుతుందని ఎన్నో పరిశీలనల్లో తేలింది. బీపీ ఉన్న మనిషికి ఇంకొంచెం ఎక్కువే కావాలి, అందుకే ఇంట్లో ఆయనకు మామూలుగా ఉండే బీపీ ఎంతో వారం రోజులు చీటీ మీద రాసి తీసుకువెళ్లి మత్తు డాక్టరుకు ఇవ్వండి. ఒంట్లో నీరు సరిపడా ఉండటం మరొకటి. పొట్ట ఆపరేషన్లకు వెళ్లిన దాదాపు మూడు వేల మంది మీద చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, సెలైన్ బాగా తగ్గించి ఇచ్చినవారిలో 8.6 శాతం మందికి, తగినంత ఇచ్చినవారిలో 5 శాతం మందికి కిడ్నీ గాయమైంది. ఊళ్లలో ఆపరేషన్ ముందు రాత్రి నుంచే మంచినీళ్లు కూడా ముట్టనివ్వరు, తెల్లవారుజామున ఉత్త గొంతుతో బస్సెక్కిస్తారు. గట్టి ఆహారం ఆరు గంటల ముందు నుంచి మానాలి గానీ, మత్తు ఇవ్వడానికి రెండు గంటల ముందు వరకు మంచినీళ్లు తాగడానికి సాధారణంగా అనుమతి ఉంటుంది. షుగరు వల్ల కడుపు ఖాళీ కావడం ఆలస్యమయ్యే వారికి ఈ గడువు మారవచ్చు కాబట్టి, మీ నాన్నగారి విషయంలో ఎన్ని గంటలో మత్తు డాక్టరునే అడిగి రాయించుకోండి.

ఇక ఈ జవాబులో నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే మాట నొప్పి గోలీల గురించి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్ వంటివి ఏ పేరుతో ఉన్నా ఒకే జాతివి. కిడ్నీకి రక్తం తగ్గినప్పుడు, లోపలికి వచ్చే నాళాన్ని వెడల్పు చేసుకోవడానికి కిడ్నీ తనంతట తాను ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారు చేసుకుంటుంది. ఈ గోలీలు వాటినే అడ్డుకుంటాయి. అంటే క్లాంపు తీశాక, రక్తాన్ని మళ్లీ లోపలి పొరలకు రప్పించుకోవలసిన వేళకు, ఆత్మరక్షణ కోసం కిడ్నీకి ఉన్న సాధనాన్ని ముందే లాగేసుకున్నట్టు అవుతుంది. దానికి తోడు టెల్మిసార్టన్ వంటి బీపీ మందు, మూత్రం పోయించే గోలీ కూడా వాడుతుంటే ముప్పు మరింత పెరుగుతుంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి పల్లెల్లో ఫ్లోరైడ్ నొప్పులతో ఎంతమంది ఏళ్ల తరబడి ఈ గోలీల మీదే బతుకు వెళ్లదీస్తున్నారో తెలిసినవాడిగా, వాటిని మానండి అని తేలికగా అనడం లేదు. ఆ నొప్పి నిజమైనది. అయినా మీ నాన్నగారు ఈ రోజు నుంచే వాటిని మానాలి. నొప్పికి పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల గోలీ డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకోవచ్చు, వేడి కాపడం పెట్టుకోవచ్చు, అది చాలకపోతే కిడ్నీకి హాని చేయని వేరే మందు డాక్టరు రాసిస్తారు. దగ్గరలోని ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే నొప్పి ఇంజెక్షన్ కూడా చాలావరకు ఇదే జాతిది, అదీ వద్దు. గుండె కోసం చిన్న ఆస్పిరిన్ వాడుతుంటే మాత్రం అడగకుండా ఆపవద్దు.

ఇలా మానిన పది, పదిహేను రోజులకు క్రియాటినిన్ మళ్లీ చేయించండి. నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రిలో కూడా చేస్తారు. ఆ 1.5 లో కొంత భాగం గోలీల వల్లే పెరిగినదైతే తగ్గి కనిపిస్తుంది. అది సీటీ స్కాన్‌కు ముందు చేసిన పరీక్షా, తర్వాతదా అన్నది కూడా చూడండి, స్కాన్‌కు ఎక్కించే కాంట్రాస్ట్ మందు వల్ల రెండు మూడు రోజుల్లో కొందరికి అది పెరుగుతుంది. మూడున్నర సెంటీమీటర్ల గడ్డ సాధారణంగా నెమ్మదిగా పెరిగేది కాబట్టి, కిడ్నీలను సిద్ధం చేసుకోవడానికి రెండు మూడు వారాలు ఆగినా నష్టం ఉండదని చాలామంది సర్జన్లు ఒప్పుకుంటారు. ఆ నిర్ణయం మాత్రం స్కాన్ చూసిన సర్జన్‌దే. తేదీ వాయిదా వేయమని అడిగేటప్పుడు, నొప్పి గోలీలు మాన్పించి మళ్లీ పరీక్ష చేయిద్దామనుకుంటున్నాం అని కారణం చెప్పండి.

షుగరు మందుల చీటీని తప్పక చూపించండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి పేరు అందులో ఉంటే ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపాలి, లేకపోతే షుగరు ఎక్కువగా కనిపించకుండానే రక్తం ఆమ్లమయ్యే ప్రమాదం ఉంది. మెట్‌ఫార్మిన్‌ను ఆపరేషన్ రోజు ఆపుతారు. బీపీ గోలీల్లో ఏది ఆ ఉదయం వేసుకోవాలో, ఏది వద్దో మందును బట్టి మారుతుంది, కొన్నింటిని హఠాత్తుగా ఆపకూడదు కూడా. సొంతంగా నిర్ణయించుకోకండి.

కొండపిండాకు కషాయం గురించి అడిగారు. పెద్దలు రాళ్ల కోసం దాన్ని వాడటం మీ వైపు మామూలే, ఆ ఆకు మీద నాకు చిన్నచూపు లేదు. కానీ ఇప్పుడు ఉన్నది రాయి కాదు, గడ్డ. కషాయంలో పొటాషియం, ఆక్సలేట్లు ఎంత చేరుతున్నాయో తూచి ఇచ్చే వీలు లేదు, శక్తి తగ్గిన కిడ్నీకి అవి రెండూ భారమే. పల్లేరు కాయల కషాయానికీ, పేరు తెలియని పొడులకూ, భస్మాలకూ ఇదే మాట. ఆపరేషన్ అయ్యి, కిడ్నీ కుదుటపడే వరకు ఏదీ ఇవ్వకండి. ఇప్పటికే తాగించి ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి.

మీ నాన్నగారి మెడ, నడుము బిగుసుకుపోయాయని రాశారు. ఈ సంగతి ఆపరేషన్ ముందటి పరీక్షలోనే మత్తు డాక్టరుకు చెప్పాలి. ఫ్లోరోసిస్‌తో, అంటే ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయి, మెడ వెనక్కి వంగనివారికి గొంతులో గొట్టం వేయడం కష్టమవుతుంది, వెన్నుపూసలు అతుక్కుపోయినవారికి నడుములో మత్తు సూది దిగడం కష్టమవుతుంది. ముందే తెలిస్తే తగిన పరికరాలతో సిద్ధంగా ఉంటారు. మత్తు ఇచ్చాక తెలిస్తే ఆ తడబాటులో ఆక్సిజన్, రక్తపోటు పడిపోవచ్చు, ఆ దెబ్బ కిడ్నీ మీదా పడుతుంది. ఆపరేషన్ తర్వాత నొప్పికి ఏమిస్తారో కూడా అప్పుడే మాట్లాడుకోండి. చాలా చోట్ల అలవాటుగా డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ రాసేస్తారు. షుగరు ఉంది, క్రియాటినిన్ 1.5 ఉంది, నొప్పి ఇంజెక్షన్లలో ఆ జాతివి వద్దని కేస్ షీటు మీదనే రాయమని కోరండి. యాంటీబయాటిక్‌గా అమికాసిన్, జెంటామైసిన్ వంటివి తప్పనిసరి అయితే తప్ప వాడకపోవడం మేలని కూడా డాక్టర్లకు తెలుసు, అయినా గుర్తు చేయడంలో తప్పు లేదు.

ఆపరేషన్ అయ్యాక మంచం పక్కన వేలాడే మూత్రపు సంచిని మీరు గమనించవచ్చు. మీ నాన్నగారి బరువు 60 కిలోలు అనుకుంటే గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు రావాలి. వరుసగా ఆరు గంటలు చూసినా 180 మిల్లీలీటర్లు దాటకపోతే నర్సుకు చెప్పి డాక్టరును పిలిపించండి. గొట్టం మడతపడిందా, మంచం కింద నొక్కుకుపోయిందా అన్నది ముందు చూస్తారు. మొదటి రోజు మూత్రం కొంచెం ఎర్రగా ఉండటం మామూలే. గడ్డలు గడ్డలుగా రక్తం వస్తే, నడుము పక్కన వాపు, నొప్పి పెరుగుతుంటే అది వేరు, వెంటనే చెప్పాలి. క్రియాటినిన్‌ను మొదటి మూడు రోజులూ రోజూ చూస్తారు. 48 గంటల్లో 0.3 పెరిగితే దాన్ని కిడ్నీ గాయం కిందే లెక్కిస్తారు, కానీ ఆ మాట విని గుండె చెదరవద్దు. ఈ ఆపరేషన్ తర్వాత కొంత పెరిగి, రెండో రోజో మూడో రోజో ఆగి, మెల్లగా దిగడం తరచూ జరిగేదే. దిగకుండా పెరుగుతూనే ఉంటే నెఫ్రాలజిస్టును, అంటే కిడ్నీ జబ్బుల డాక్టరును, పిలుస్తారు. రెండో కిడ్నీ పనిచేస్తున్నవారికి డయాలిసిస్ అవసరం కావడం అరుదు, అయినా తాత్కాలికంగా ఆ అవసరం వస్తే అది కిడ్నీ పూర్తిగా పోయిందన్న సూచన కాదు.

ఖర్చు గురించి మీరు అడగలేదు గానీ, తెల్ల రేషన్ కార్డు ఉంటే చేరే ముందే ఆ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. మీ నాన్నగారి ఆపరేషన్ అందులో వస్తుందో లేదో, ఆ ఆసుపత్రికి అనుమతి ఉందో లేదో ఆరోగ్యమిత్ర చూసి చెబుతారు.

చేను పని సంగతి. చిన్న రంధ్రాలతో చేస్తే నాలుగు నుంచి ఆరు వారాలు, పొట్ట కోసి చేస్తే రెండు మూడు నెలలు బరువులు ఎత్తకూడదు. పురుగుమందు కొట్టే ట్యాంకు వీపుకెత్తుకోవడం, బత్తాయి గంపలు మోయడం ఇందులోకే వస్తాయి. ఇంటి దగ్గర నడక మాత్రం మొదటి వారం నుంచే మంచిది. ఆపరేషన్ అయిన నెలకు ఒకసారి, మూడు నెలలు నిండాక మరోసారి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించండి. మూడో నెల అంకెనే ఆయన కిడ్నీల కొత్త స్థాయిగా లెక్కించాలి, ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లయినా చూసుకోవాలి. గడ్డ తిరిగి రాలేదని చూసే స్కాన్‌లకు కాంట్రాస్ట్ ఎక్కించే ముందు ప్రతిసారీ ఆ చీటీ చూపించండి. సర్జన్ ఒప్పుకున్నాక ఆయన మళ్లీ తోటకు వెళ్లవచ్చు, పని చేసుకోవచ్చు. ఎండాకాలం మాత్రం ఉదయం పది గంటల లోపు, సాయంత్రం నాలుగు దాటాక వెళ్లేలా చూడండి. వాంతులో విరేచనాలో పట్టుకుని నీళ్లు నిలవని రోజున బీపీ గోలీ, షుగరు గోలీ వేసుకోవాలా వద్దా అని వెంటనే ఫోన్ చేసి అడిగేందుకు, ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేటప్పుడే డాక్టరు నంబరు రాయించుకుని ఇంట్లో అందరికీ కనిపించే చోట అతికించండి.